టాటా ఉక్కు కంపెనీ: పెత్తనము చేతులు మారిన ఘట్టములు

రాజుల చరిత్రములు వ్రాసినవారు మన దేశమున చాలమంది కలరు. కర్మాగారముల చరిత్రము వ్రాసినవారు అరుదు. కర్మాగారమునకు చరిత్రమేమి, పొగగొట్టములును లాభనష్టముల పట్టికయును తప్ప అని కొందరి తలంపు. కాని బండిచక్రమునకు ఎక్కించు ఇనుప పట్టా మొదలు గట్టు చెక్కు పార వరకు పల్లెలో ప్రతి ఇంట నున్న ఇనుము ఎక్కడనో ఒకచోట, ఎవరి సొమ్ముతోనో, ఎవరి చెమటతోనో తయారైనదే. టాటా వారి ముద్రగల పారలు, గునపములు తెలుగు రైతునకు క్రొత్తవి కావు. ఆ ముద్ర వెనుక నూరేండ్లకు మించిన కథ కలదు.

ఆ కథను రాజవంశావళివలె అధ్యక్షుల వరుసగా చెప్పుట వాడుక. జంషెడ్జీ సంకల్పించెను, దొరాబ్జీ నిర్మించెను, జె. ఆర్. డి. పెంచెను, రతన్ టాటా సముద్రములు దాటించెను అందురు. అట్లు చెప్పిన కథ అబద్ధము కాదు గాని సగము మాత్రమే. పీఠముపై పేరు మారినంత మాత్రమున సంస్థ మారలేదు. సొమ్ము చాలని దినమున, కూలి చాలదని పనివారు నిలబడిన దినమున, పనివారే ఎక్కువైరని యాజమాన్యము లెక్కవేసిన దినమున ఆ భారమును ఎవరు మోసిరి అనుదానిని బట్టియే అది మారినది. ఆ దృష్టితో చూచినచో వరుస కొంత వేరుగా కనబడును.

జంషెడ్జీ నస్సర్వాన్జీ టాటా 1839 మార్చి 3న గుజరాతు దేశపు నవసారిలో పార్శీ పురోహిత వంశమున జన్మించెను. వర్తకమున ఆర్జించి, 1877లో నాగపురమున ఎంప్రెస్ బట్టల మిల్లు తెరచెను. 1882లో ఆయన చేతికి ఒక నివేదిక వచ్చెను. ఫాన్ ష్వార్ట్జ్ అను జర్మను భూగర్భ శాస్త్రజ్ఞుడు చాందా జిల్లాలోని లోహారా ప్రాంతమున మేలిమి ఇనుప రాయి కలదని అందులో వ్రాసెను. ఇనుము చేయవలెనన్న కోరిక అప్పుడు పుట్టినది. కాని ఆనాటి గనుల నిబంధనలు దేశీయుని చేతులు కట్టివేయునట్టివి. అచ్చటి బొగ్గు సైతము కొలిమికి పనికిరాలేదు. కర్జన్ ప్రభువు కాలమున, 1899లో, ఆ నిబంధనలు సడలువరకు పదునేడు సంవత్సరములు ఆ నివేదిక ఆయన పెట్టెలోనే ఉండెను.

అప్పటికి జంషెడ్జీ వయస్సు అరువది. ఆ వయస్సున మఱియొకరు కాశీకి పోవుదురు; ఆయన 1902లో అమెరికాకు పోయి ఉక్కు కొలిములు చూచెను. న్యూయార్కులో చార్లెస్ పేజ్ పెరిన్ అను ఇంజనీరును కలిసికొని, దేశమునకు వచ్చి ఇనుము, బొగ్గు, సున్నపురాయి, నీరు ఒకచోటికి చేరు తావు వెదకిపెట్టుమని కోరెను. ఆ సంవత్సరముననే కుమారుడు దొరాబ్జీకి వ్రాసిన ఉత్తరములో, ఇంకను చోటైన దొరకని ఆ పట్టణమును గూర్చి ఆయన చెప్పిన మాటలు చదువదగినవి. వీథులు వెడల్పుగా ఉండవలెను, త్వరగా పెరుగు నీడచెట్లు నాటవలెను, పచ్చిక బయళ్లు, ఆటస్థలములు, హిందువుల దేవాలయములకు, మహమ్మదీయుల మసీదులకు, క్రైస్తవుల చర్చీలకు స్థలములు విడువవలెను అని ఆ ఉత్తరము తాత్పర్యము. కొలిమి కంటె ముందు కొలిమి పనివాని ఇల్లు తలంపునకు వచ్చిన యజమానులు ఆనాడు తక్కువ. ఆయన 1904 మే 19న జర్మనీలోని బాడ్ నౌహైమ్‌లో మరణించెను. తన ఉక్కు ఒక్క వీసమైనను ఆయన కంటబడలేదు.

పెత్తనము మొదటిసారి చేతులు మారినది ఇట్లు, ఏమియు లేని స్థితిలో. దొరాబ్జీకి దక్కినది కర్మాగారము కాదు, వెదకులాట. పెరిన్ పంపిన వెల్డు అను శాస్త్రజ్ఞునితోను, మేనత్త కుమారుడు షాపుర్జీ సక్లత్‌వాలాతోను కలిసి ఆయన చాందా అడవులలో ఎడ్లబండ్లపై తిరిగెను. (ఈ షాపుర్జీయే పిమ్మట ఇంగ్లండునకు పోయి, 1922లో పార్లమెంటునకు ఎన్నికైన కమ్యూనిస్టు సభ్యుడాయెను. ఉక్కు కంపెనీకి ఇనుప రాయి వెదకిన చేతులే ఎఱ్ఱజెండా పట్టుకొనుట చరిత్రలోని వింతలలో ఒకటి.) చాందాలో పని జరుగదని తేలిన పిమ్మట, ఆ సంగతి ప్రభుత్వోద్యోగికి చెప్పుటకు దొరాబ్జీ నాగపురము పోయెను. అధికారి కొరకు వేచియుండి, ఊరకుండలేక ఎదుట నున్న మ్యూజియములోనికి నడచెను. అందొక పటమున దుర్గు జిల్లాపై ఇనుమును సూచించు రంగు కనబడెను. అది భారతీయ శాస్త్రజ్ఞుడు ప్రమథనాథ బోసు పరిశోధన ఫలితము. ఆ జిల్లాలోని ధల్లీ, రాజ్‌హరా కొండలపై నడచినచో బూట్ల క్రింద ఇనుము ఖంగుమనెనట. అయినను దగ్గర నీరు, తగిన బొగ్గు లేక ఆ కొండలను విడువవలసివచ్చెను. అర్ధశతాబ్దము గడచిన పిమ్మట ఆ రాజ్‌హరా రాయియే ప్రభుత్వపు భిలాయి కర్మాగారమునకు ఆధారమాయెను.

ఆ ప్రమథనాథ బోసే 1904 ఫిబ్రవరి 24న టాటాలకు ఒక ఉత్తరము వ్రాసియుండెను. మయూరభంజ సంస్థానమున గురుమహిసానీ కొండ ఇనుప రాయితో నిండియున్నదని అందలి సమాచారము. చివరకు ఆ కొండయే కంపెనీకి పునాదియైనది. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలియు చోట, కాళీమాటి రైలు స్టేషనుకు దగ్గరగా నున్న సాక్చి అను పల్లె కర్మాగారమునకు తావైనది.

ఇక సొమ్ము. పాఠకులు కొంచెము నిలిచి చూడవలసిన ఘట్టమిది. దొరాబ్జీ మొదట లండనులో మూలధనము సేకరింపజూచెను. అచ్చటి ధనికులు సొమ్ముతోబాటు పెత్తనము కూడ కోరిరి. అప్పటికి మార్కెటు కూడ మందగించియుండెను. అందుచేత ఆయన బొంబాయికి మరలివచ్చి, స్వదేశమునే అడుగ నిశ్చయించెను. 1905లో వంగ విభజన జరిగి, స్వదేశీ ఉద్యమము దేశమంతట అలముకొన్న కాలమది. 1907 ఆగస్టు 26న టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ బొంబాయిలో రిజిస్టరు అయ్యెను. ప్రకటన వెలువడిన దినము నుండి కంపెనీ ఆఫీసు ముందు ఉదయము మొదలు రాత్రి వరకు జనము మూగెను. వృద్ధులు, యువకులు, ధనికులు, పేదలు, స్త్రీలు, పురుషులు ఎవరికి తోచినంత వారు తెచ్చిరి. మూడు వారములలో సుమారు 8,000 మంది భారతీయులు 2,31,75,000 రూపాయల మూలధనము నింపివేసిరి. నడుపుడు ఖర్చులకై ఇంకను నాలుగు లక్షల పౌన్లు కావలసివచ్చినప్పుడు గ్వాలియరు మహారాజు ఆ డిబెంచర్లన్నియు తానే కొనెను.

కంపెనీ పేరు టాటాలది. కాని దాని తొలి మోపు ఈ ఎనిమిది వేల మందిది. ఇనుప కొలిమి ఎట్లుండునో వీరిలో చూచినవారు ఎందరుందురు? లాభము వచ్చునో రాదో తెలియదు. తెల్లవారు కొనని వాటాలను వీరు కొనిరి. అధ్యక్షుల చిత్రపటములు గోడలపై కలవు, వీరి చిత్రపటములు లేవు.

సాక్చిలో మొదటి మేకు 1908 ఫిబ్రవరి 27న దిగెను. చుట్టును అడవి, సంతాలులు, హో జాతివారు, భూమిజులు ఉన్న చిన్న పల్లెలు. ఆ భూములపైననే కర్మాగారము లేచినదన్న సంగతి పొగడ్తల నడుమ మరుగుపడుచుండును. నిపుణులు అమెరికా, ఇంగ్లండు, జర్మనీల నుండి వచ్చిరి. మట్టి తవ్వినవారు, తట్ట మోసినవారు చుట్టుప్రక్కల ఆదివాసులు. కొలిములు వెలిగిన పిమ్మట దేశము నలుమూలల నుండి పనివారు చేరిరి. బెంగాల్ నాగపూరు రైలు దారి వెంట శ్రీకాకుళము, విశాఖపట్నము, గంజాము ప్రాంతముల తెలుగువారు కూడ బ్రదుకు తెరువునకై అటు పోయి, తరతరములుగా అచ్చటనే స్థిరపడిరి. కళింగాంధ్ర పల్లెలలో "టాటా" యనిన మనిషి పేరు కాదు, ఊరి పేరు.

1911 డిసెంబరు 2న మొదటి దుక్క ఇనుము కరగి పారెను. 1912 ఫిబ్రవరి 16న మొదటి ఉక్కు దిమ్మ తయారాయెను. అంతకుముందు రైల్వేల ప్రధానాధికారి సర్ ఫ్రెడరిక్ అప్‌కాట్, టాటాలు బ్రిటిషు కొలతలకు సరిపోవు రైలు పట్టాలు చేయుటయే జరిగినచో వాటిలో ప్రతి పౌనును తానే తినివేయుదునని ఎగతాళి చేసెనట. 1914లో ప్రపంచ యుద్ధము వచ్చినది. మెసపొటేమియా, ఈజిప్టు, పాలస్తీనా, తూర్పు ఆఫ్రికా రంగములకు ఈ కర్మాగారము నుండి 1,500 మైళ్ల పొడవు రైలు పట్టాలు పోయినవి. అప్‌కాట్ దొర మాట నిలుపుకొనియుండినచో ఆయనకు అజీర్ణమై యుండెడిదని దొరాబ్జీ తరువాత చమత్కరించెను. 1919 జనవరి 2న వైస్రాయి చెమ్స్‌ఫర్డు వచ్చి, కృతజ్ఞతా సూచకముగా సాక్చికి జంషెడ్‌పూరు అని నామకరణము చేసెను. కాళీమాటి స్టేషను టాటానగరమాయెను.

కంపెనీ వారు చెప్పుకొను గొప్పలలో కొన్ని నిజముగా గొప్పవే. 1912 నాటికే ఎనిమిది గంటల పనిదినము పెట్టిరి; అది దేశమున చట్టమగుటకు 1948 వరకు పట్టినది. 1915లో ఉచిత వైద్యము, 1920లో జీతముతో సెలవు, ప్రావిడెంటు ఫండు, ప్రమాదములకు నష్టపరిహారము ఏర్పడెను. కాని ఇవి యన్నియు పైనుండి కురిసిన వాన యనుకొన్నచో పొరపాటు. యుద్ధ కాలమున ధరలు పెరిగినవి, కూలి పెరుగలేదు. 1920లో కార్మికులు సమ్మెచేసిరి; కాల్పులు జరిగి కొందరు మరణించిరి. జంషెడ్‌పూరు లేబర్ అసోసియేషను పుట్టినది ఆ సంవత్సరమే. సెలవు, ప్రావిడెంటు ఫండు వచ్చినదియు ఆ సంవత్సరమే. ఈ రెంటిని విడివిడిగా చదువరాదు.

యుద్ధము ముగియునని తెలియక 1917లో కంపెనీ పెద్ద విస్తరణకు పూనుకొనెను. యంత్రములు ఆలస్యముగా వచ్చినవి, ఖర్చు అంచనాలను మించినది. అంతలో శాంతి వచ్చినది. శాంతితో విదేశపు చవుక ఉక్కు ఓడలకు ఓడలు దిగినది. 1923 సెప్టెంబరున జపానులో భూకంపము వచ్చుటతో దుక్క ఇనుము కొను పెద్ద బేరము కూడ పోయినది. 1924లో ఒకనాడు జంషెడ్‌పూరు నుండి బొంబాయికి తంతి వచ్చెను: కూలీల జీతములకు సొమ్ము చాలదు.

ఆ దినములే ఈ కథకు నడిబొడ్డు. దొరాబ్జీ తన సొంత ఆస్తి, సుమారు కోటి రూపాయల విలువగలది, ఇంపీరియలు బ్యాంకునకు తాకట్టు పెట్టెను. అందులో భార్య మెహర్‌బాయి నగలును కలవు. ఆ నగలలో జూబిలీ వజ్రమొకటి; 245 క్యారట్ల తూకము, అనగా కోహినూరునకు రెట్టింపు మించినది. సేద్యము సాగక ఇల్లాలి మెడలోని పుస్తె తాకట్టు పెట్టిన ఇండ్లు పల్లెలలో కలవు గనుక ఈ సంగతి పల్లె పాఠకులకు వివరింపనక్కరలేదు, తూకములోనే భేదము. కంపెనీని ప్రభుత్వమునకు అప్పగించుట మేలని ఒకరు సూచింపగా, దొరాబ్జీ బంధువు, భాగస్వామి ఆర్. డి. టాటా బల్లపై గుద్ది, తాను బ్రదికియుండగా ఆ దినము రాదనెను. ఏ కార్మికుని జీతమును ఆగలేదు. వాటాదారులకు మాత్రము కొన్నేండ్లు ప్రతిఫలము దక్కలేదు. 1907లో నమ్మి సొమ్ము పెట్టినవారు రెండవసారి మోసిన భారమది.

సొమ్ము ఒక్కటియే చాలదు, చట్టము కూడ కావలసివచ్చెను. విదేశపు ఉక్కుపై సుంకము వేయు ఉక్కు పరిశ్రమ సంరక్షణ చట్టము 1924లో కేంద్ర శాసనసభలో నెగ్గినది. జాతీయవాదులు దీనిని బలపరచిరి. సుంకమువలన పెరుగు ధరను దేశప్రజలు చెల్లింతురు. కావున ప్రజల సొమ్ముతో నిలిచిన ఈ కంపెనీ తన పనివారి యెడ ఎట్లు ప్రవర్తించునని అడుగు హక్కు ప్రజలకు కలుగలేదా? ఆ ప్రశ్న అప్పుడే సభలో లేచినది, మఱి అణగలేదు.

1925 ఆగస్టులో మహాత్ముడు జంషెడ్‌పూరు వచ్చెను. అప్పటివరకు యాజమాన్యము లేబర్ అసోసియేషనును గుర్తింప నిరాకరించుచుండెను. గాంధీజీ, సి. ఎఫ్. ఆండ్రూసు ఆర్. డి. టాటాతో మాటలాడిన పిమ్మట సంఘమునకు గుర్తింపు లభించెను. పనినుండి తొలగింపబడిన సంఘ కార్యదర్శి మరల పనిలో చేరెను. అయినను చిక్కు తీరలేదు. 1928లో కంపెనీ పనివారి సంఖ్య తగ్గింప దలచెను. సమ్మె, దానికి ప్రతిగా తలుపుల మూసివేత, మూడు నెలలకు పైగా సాగినవి. సుభాస్ చంద్ర బోసు సంఘ నాయకత్వము వహించి, సెప్టెంబరులో ఒడంబడిక కుదిర్చెను. ఆ ఒడంబడిక చాలదని అలిగినవారు మానెక్ హోమీ వెంట పోయి వేరు సంఘము పెట్టుకొనిరి. మహానాయకుడు కుదిర్చిన రాజీ కూడ ఆకలిగొన్నవానికి అర్ధాకలిగా తోచుట సహజమే. బోసు మఱియొక సంగతి పట్టుపట్టెను: పెద్ద ఉద్యోగములలో విదేశీయులు పోయి భారతీయులు రావలెనని. ఆ దారి అప్పటికే కొంత వేయబడినది. 1921లో జంషెడ్‌పూరున సాంకేతిక విద్యాలయమును స్థాపించి దేశ యువకులకు కొలిమి విద్య నేర్పుచుండిరి. ఆంధ్రదేశముతో పూర్వుల సంబంధముగల మోక్షగుండం విశ్వేశ్వరయ్య (ఆ ఇంటిపేరు గిద్దలూరు ప్రాంతపు గ్రామముదే) కూడ కంపెనీ డైరెక్టర్ల సభలో చాల సంవత్సరములు కూర్చుండెను.

దొరాబ్జీ 1932 జూన్ 3న మరణించెను. తండ్రివలెనే జర్మనీలో, బాడ్ కిసింగెన్ అను ఊర. భార్య అంతకు ఏడాది ముందే పోయినది. బ్యాంకు నుండి విడిపించి తెచ్చుకొన్న ఆ వజ్రము తరువాత అమ్ముడై, ఆ సొమ్ము ఆయన ధర్మనిధిలో చేరెను. ఆ నిధి నుండియే బొంబాయిలో క్యాన్సరు ఆసుపత్రి 1941లో లేచినది. ఆయన పీఠమున కూర్చున్న నౌరోజీ సక్లత్‌వాలా ఆరేండ్లే ఉండెను. ఆయన కాలమున, 1934లో, లాభములలో కార్మికునకు భాగమిచ్చు బోనసు పద్ధతి వచ్చినది. ఆయన మాట సాధారణముగా ఒక వాక్యముతో దాటిపోవుదురు. కాని పనివాని లెక్కలో ఆ ఒక్క వాక్యము చిన్నది కాదు.

1938లో రెండు మార్పులు ఒకేసారి జరిగెను. నౌరోజీ మరణముతో, నాడు బల్ల గుద్దిన ఆర్. డి. టాటా కుమారుడు జె. ఆర్. డి. ముప్పది నాలుగేండ్ల వయస్సున అధ్యక్షుడాయెను. జంషెడ్‌పూరులో అమెరికను జనరల్ మేనేజరు కీనన్ పోయి, జహంగీర్ గాంధీ అను పార్శీ నిపుణుడు తొలి భారతీయ జనరల్ మేనేజరుగా వచ్చెను. పత్రికలు మొదటి మార్పును ఎక్కువ వ్రాసినవి. కొలిమి దగ్గర నిలిచినవారికి రెండవదియే పెద్దది. ముప్పదియేండ్లుగా విదేశీయుడు కూర్చున్న కుర్చీలో స్వదేశీయుడు కూర్చుండెను. మరుసటి సంవత్సరమే రెండవ ప్రపంచ యుద్ధము వచ్చినది. కవచపు రేకులు, "టాటానగర్" అను పేరుగల సాయుధ శకటములు ఇచ్చటి నుండి పోయినవి. 1943లో తెరచిన కలకత్తా హౌరా వంతెనకు పట్టిన 26,500 టన్నుల ఉక్కులో 23,000 టన్నులు ఈ కొలిములదే.

జె. ఆర్. డి. నలుబది ఆరేండ్లు అధ్యక్షుడుగా ఉండెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట ఉక్కు ప్రభుత్వ రంగమునకే చెందవలెనని 1948, 1956 పారిశ్రామిక విధాన తీర్మానములు నిర్ణయించెను. ఉన్నదానిని మాత్రము ఉండనిచ్చిరి. 1956లో ప్రపంచ బ్యాంకు ఇచ్చిన ఏడున్నర కోట్ల డాలర్ల అప్పుతో, అమెరికా వారి కైజర్ ఇంజనీర్ల చేత, ఉత్పత్తిని ఏటికి ఇరువది లక్షల టన్నులకు పెంచు పని 1958లో ముగిసెను. కార్మిక సంఘమునకు అంతకుముందు ప్రొఫెసర్ అబ్దుల్ బారీ, ఆయన 1947లో కాల్పులలో మరణించిన తరువాత మైకేల్ జాన్ నాయకులైరి. 1956లో కంపెనీకి, సంఘమునకు నడుమ కుదిరిన ఒప్పందము యాజమాన్యపు ఆలోచనలలో కార్మికునకు చోటు కల్పించెను. 1958 మార్చి 1న స్వర్ణోత్సవమునకు నెహ్రూ వచ్చి జూబిలీ పార్కు ప్రారంభించెను. రెండు నెలలైన పిమ్మట, మే నెలలో, ఆ పట్టణముననే పెద్ద సమ్మె, అల్లర్లు జరిగెను. ఉత్సవపు తోరణము వాడకముందే ఇట్లేల జరిగెనని ఆశ్చర్యపడనక్కరలేదు. గుర్తింపు పొందిన సంఘము తమ మాట పలుకుట లేదని తలచినవారు ఆ పట్టణమున చాలమంది ఉండిరి.

ఇరువదియేండ్ల పిమ్మట గాలి మఱియొక వైపు వీచెను. జనతా ప్రభుత్వ కాలమున పరిశ్రమల మంత్రి జార్జి ఫెర్నాండెజ్ కంపెనీని జాతీయము చేయవలెనని ప్రతిపాదించెను. దానిని అడ్డగించినవారిలో ముందు నిలిచినది కార్మిక సంఘమే. 1924లో ఆర్. డి. టాటా పలికిన మాటనే ఇప్పుడు పనివారు పలికిరి. యాజమాన్యముపై ప్రేమయా, ఉన్న ఉద్యోగముపై భయమా అని అడిగినచో రెండును అనవచ్చును. తండ్రి తరువాత కొడుకునకు అదే కర్మాగారమున పని దొరకు ఊరిది.

1984లో అధ్యక్షుడైన రుస్సీ మోడీ 1939లో ఇరువది ఒకటవ యేట చిన్న ఉద్యోగిగా చేరినవాడు. 1974 నుండి మేనేజింగ్ డైరెక్టరు. పనివారిని పేరు పెట్టి పిలుచుట, వారి మొర నేరుగా వినుట ఆయన పద్ధతి. ఆయన కాలముననే 1989 మార్చి 3న, జంషెడ్జీ 150వ జయంతి ఉత్సవమున పందిరికి నిప్పంటుకొని అరువది మంది వరకు మరణించిరి. టాటా సంస్థలన్నిటి పెత్తనము 1991లో జె. ఆర్. డి. నుండి రతన్ టాటాకు వచ్చిన పిమ్మట, వయఃపరిమితిని గూర్చియు వారసులను గూర్చియు తగవు ముదిరి, 1993లో మోడీ తొలగవలసివచ్చెను. పత్రికలు ఆ తగవును భారతమువలె వర్ణించినవి. చదువుటకు అది సరదాగానే ఉండును. పనివాని బ్రదుకును మార్చినది మాత్రము అది కాదు.

మార్చినది 1991 నాటి ఆర్థిక సంస్కరణము. ధరలను ప్రభుత్వము నిర్ణయించు కాలము పోయినది, సుంకపు గోడ తగ్గినది. 1924లో ఏ గోడ చాటున నిలిచెనో ఆ గోడ లేకుండ నిలువగలదా యనునదే ప్రశ్న. కంపెనీలో 78,000 మంది పనిచేయుచుండిరి. అంతే ఉక్కును అన్య దేశములలో అందులో కొద్ది భాగము మనుష్యులు చేయుచుండిరి. 1992లో మేనేజింగ్ డైరెక్టరైన డాక్టర్ జె. జె. ఇరానీ పాత కొలిములు తీసివేసి, క్రొత్త యంత్రములు పెట్టి, పనివారిని తగ్గించు పనికి పూనుకొనెను. మెడబట్టి గెంటలేదు. స్వయముగా తప్పుకొనువారికి పదవీ విరమణ వయస్సు వరకు మూల జీతము నెలనెల ఇచ్చు పథకము పెట్టిరి. పదునైదు సంవత్సరములలో సంఖ్య సుమారు సగమునకు దిగెను. ఇతర కర్మాగారములతో పోల్చినచో ఇది దయగల పద్ధతియే. కాని తండ్రి వెనుక కొడుకు గేటులో అడుగుపెట్టు ఆచారము దీనితో ముగిసెను. ఇంటి వద్ద జీతము తినుచు కూర్చున్న నలువదియేండ్ల మనిషికి సొమ్ము అందినది, పని యందలేదు. ఇరానీ తరువాత 2001లో వచ్చిన ముత్తురామన్ కాలమునకు కంపెనీ లోకమున చవుకగా ఉక్కు చేయువారిలో ఒకటిగా లెక్కకు వచ్చెను. 2005లో టాటా స్టీల్ అని పేరు కుదించుకొనెను.

అటు పిమ్మట విస్తరణ. ఒడిశాలోని కళింగనగరమున క్రొత్త కర్మాగారమునకు గోడ కట్టబోగా, 2006 జనవరి 2న పోలీసు కాల్పులలో పదముగ్గురు ఆదివాసులు మరణించిరి. ఒక పోలీసు కూడ చనిపోయెను. సాక్చికి జంషెడ్జీ పేరు పెట్టినదియు జనవరి 2 ననే. సాక్చి నాడు భూమి పోయినవారి గొంతు చరిత్రకెక్కలేదు, కళింగనగరము వారి గొంతు ఎక్కినది. ఆ కర్మాగారము 2015 నవంబరు వరకు ప్రారంభము కాలేదు.

2007లో రతన్ టాటా నాయకత్వమున కంపెనీ బ్రిటను, హాలండుల కోరస్ కంపెనీని కొనెను. బ్రెజిలు కంపెనీతో వేలము రాత్రంతయు సాగి, వాటా 608 పెన్సుల వద్ద ముగిసెను. మొత్తము 12 వందల కోట్ల డాలర్లు. నూరేండ్ల క్రిందట లండను సొమ్మియ్యని కంపెనీ బ్రిటను ఉక్కునే కొనెనని దేశము ఉప్పొంగెను. మరుసటి సంవత్సరమే లోకమంతట ఆర్థిక మాంద్యము వచ్చి, ఉక్కు గిరాకి పడిపోయి, ఆ కొనుగోలునకు చేసిన అప్పు మెడకు చుట్టుకొనెను. జంషెడ్‌పూరు కొలిములు ఆర్జించుట, వేల్సు కొలిములు హరించుట సంవత్సరముల తరబడి సాగెను. 2012లో అధ్యక్షుడైన సైరస్ మిస్త్రీ ఆ భారము దింపజూచెను. 2016లో స్కంథార్పు కర్మాగారము ఒక్క పౌనునకు చేతులు మారెను. ఆ సంవత్సరాంతమునకు మిస్త్రీయే పీఠమునుండి తొలగింపబడెను. ఆ వ్యాజ్యము సుప్రీముకోర్టు వరకు పోయి, 2021లో టాటా సన్స్ పక్షమున తీరెను. 2017లో నటరాజన్ చంద్రశేఖరన్ అధ్యక్షుడాయెను. మరుసటి యేట కంపెనీ అప్పులలో మునిగిన భూషణ్ స్టీల్‌ను కొనెను.

వేల్సు దేశమున సముద్రపుటొడ్డున పోర్టు టాల్బట్ అను ఊరు కలదు. జంషెడ్‌పూరువలెనే అదియు ఉక్కు తోడనే పుట్టి పెరిగిన ఊరు. తాత, తండ్రి, కొడుకు ఒకే గేటులో నడచిన ఊరు. బ్రిటిషు ప్రభుత్వము ఇచ్చు 50 కోట్ల పౌన్ల సాయముతో విద్యుత్తు కొలిమి కట్టుటకు, పాత కొలిములు ఆర్పుటకు 2023లో ఒప్పందమాయెను. నిదానముగా ఆర్పుడని కార్మిక సంఘములు ప్రాధేయపడినవి, దినమునకు పెద్ద మొత్తమున నష్టము వచ్చుచున్నదని కంపెనీ బదులు చెప్పినది. రెండు వేలకు పైగా ఉద్యోగములు పోవు లెక్క అది. 2024 సెప్టెంబరు 30న అక్కడి చివరి బ్లాస్టు ఫర్నేసు ఆరిపోయినది. ఆనాడు చివరి వంతు దిగి గేటు దాటినవారి కన్నీరు చూచినచో, 1928లో జంషెడ్‌పూరు గేటు వద్ద నిలబడినవారికి అది పరాయి భాషగా తోచియుండదు.

తొమ్మిది దినములు గడచిన పిమ్మట, అక్టోబరు 9న, రతన్ టాటా ముంబయిలో మరణించెను. 1962లో అమెరికా చదువు ముగించి వచ్చిన ఆయనను టాటాలు మొదట పంపినది జంషెడ్‌పూరునకే. కూలీలతో కలిసి సున్నపురాయి ఎత్తిపోయుట, బ్లాస్టు ఫర్నేసు వద్ద నిలుచుట అచ్చట ఆయన తొలి పని.